ముందు అద్దం మారదు: ఒకే ఒక్క కారు తయారీలో నా అనుభవం

కోట్లు పోసి, ప్రపంచంలో మరెవరి దగ్గరా లేని కారు చేయించుకునేవాళ్ల గురించి పత్రికల్లో వచ్చేదంతా ధర గురించే. 2019లో జెనీవా ప్రదర్శనలో బుగాటీ సంస్థ ‘లా వాత్యూర్ న్వార్’ను చూపించి, పన్నులు కాకుండా 1.1 కోట్ల యూరోలని చెప్పినప్పుడు అందరూ ఆ అంకెనే పట్టుకున్నారు. ఆ వేదిక మీద నిలబెట్టింది రోడ్డెక్కే కారు కాదనీ, నమూనా మాత్రమేననీ, అసలు కారు పూర్తయ్యేసరికి 2021 వచ్చిందనీ పట్టించుకున్నవాళ్లు తక్కువ. మొదటి బొమ్మకూ రోడ్డెక్కే కారుకూ మధ్య నడిచే ఆ కాలంలోనే నా ఉద్యోగమంతా ఉంది. అక్కడ ఏం జరుగుతుందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఇటలీలో ట్యూరిన్ నగర శివార్లలో ఒక డిజైన్ స్టూడియోలో సర్ఫేస్ మోడలర్‌గా పనిచేస్తున్నాను. డిజైనర్ గీసిన బొమ్మను కంప్యూటర్‌లో కొలతలకు లొంగే ఉపరితలంగా మార్చి, అచ్చులు చేసేవాళ్లకు అందించడం నా పని. 2015 డిసెంబరులో మహీంద్రా గ్రూపు ఇక్కడి పేరున్న కార్ల డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనాను కొంటున్నట్టు ప్రకటించిన తర్వాత ఇక్కడ మనవాళ్లను చూసి ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. నేను పనిచేసేది అక్కడ కాదు. మా స్టూడియో పేరు, కారు చేయించుకున్న ఆయన పేరు, మేం ఆధారంగా తీసుకున్న కారు పేరు బయటపెట్టనని సంతకం చేశాను. ఇంజను మధ్యలో ఉండే ఒక వి8 స్పోర్ట్స్ కారు అనుకోండి, చాలు.

ఆయన పాత రేసు కార్లు సేకరిస్తారు. మొదటి సమావేశానికి 1960ల నాటి లె మాన్స్ రేసు కార్ల ఫొటోలు కొన్ని, అరచేతిలో ఇమిడే లోహపు బొమ్మ కారు ఒకటి తెచ్చారు. బొమ్మను బల్ల మీద పెట్టి, వెనుక మడ్‌గార్డు మీద వేలితో గీత గీసినట్టు రాసి, “ఈ వంపు ఒక్కటి నాకివ్వండి, మిగతాది మీ ఇష్టం” అన్నారు. మిగతాది మా ఇష్టం కాలేదనుకోండి. కానీ చివరిదాకా ఆయన మాట మార్చకుండా అడిగింది ఆ వంపునే.

ఇలా అడిగినవాళ్లలో ఆయన మొదటివారు కారు. ఈ కాలపు ఒకే ఒక్క కార్ల కథకు నా దృష్టిలో మొదలు 2006. అమెరికన్ సేకర్త జిమ్ గ్లికెన్‌హాస్ తన ఫెరారీ ఎంజో కారును పినిన్‌ఫరీనాకు అప్పగించి, 1960ల నాటి పీ4 రేసు కారును తలపించే పీ4/5ను చేయించుకున్నారు. అది అమెరికాలో పెబుల్ బీచ్ కార్ల ప్రదర్శనలో కనిపించాక, ఇలాంటి పనికి గిరాకీ ఉందని ఫెరారీకి అర్థమై ఉంటుంది. 2008లో సొంతంగా ప్రత్యేక విభాగం నుంచి ఎస్పీ1ను బయటికి తెచ్చింది. ఫెరారీ ఎఫ్430 మోడల్ మీద డిజైనర్ లియోనార్డో ఫియొరవాంతి గీసిన ఆ కారు జపాన్‌కు చెందిన ఒక సేకర్తది. 2012లో గాయకుడు ఎరిక్ క్లాప్టన్ 458 ఇటాలియా మీద, తనకు ఇష్టమైన పాత 512 బీబీ రూపాన్ని తలుచుకునేలా మరొకటి చేయించుకున్నారు. ఒక్కో కారుకు సగటున రెండేళ్లు పడుతుందని ఫెరారీయే చెబుతుంది. మా పనికీ దాదాపు అంతే పట్టింది.

చేతిలో డబ్బుంటే ఏదైనా మార్చుకోవచ్చని అనుకుంటాం. ఇక్కడ పని మొదలయ్యేది మార్చకూడనివాటి జాబితాతో. కొత్త మోడల్ ఏది వచ్చినా తయారీదారు కొన్ని కార్లను గోడకు గుద్ది పరీక్షిస్తాడు. ప్రపంచంలో ఒక్కటే ఉండబోయే కారును గోడకు గుద్దలేం కదా. కాబట్టి ఆధారంగా తీసుకున్న కారు ఇప్పటికే పాసైన పరీక్షల నీడలోనే కొత్త కారు బతకాలి. చాసిస్, ఎయిర్‌బ్యాగులు, సీటు ఎత్తు, తలుపు తెరుచుకునే చట్రం, ముందు అద్దం, దాన్ని మోసే రెండు స్తంభాలు, వీటిలో ఏదీ కదలదు. అద్దం ఒక్కటే తీసుకున్నా, కొత్తగా వంచి, పొరలు అతికించి, పరీక్షించి ఒక్క ముక్క తయారుచేయడానికి అయ్యే ఖర్చు, పట్టే సమయం చూస్తే ఎవరైనా పాత అద్దమే ఉంచమంటారు.

ఈ సంగతి విజయవాడలో ఉన్న మా మేనమామకు ఫోనులో చెబితే నమ్మలేదు. ఆటోనగర్‌లో ఆయనకు లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. కంపెనీ నుంచి ఉత్త చాసిస్ వస్తే, క్యాబిన్, తొట్టి అక్కడ కట్టేవాళ్లు. ఓనరు ఎలా అడిగితే అలా. “అద్దం ముట్టుకోకుండా బాడీ కట్టడమేమిటిరా అల్లుడూ? ముందు అద్దం పెట్టుకునే కదా క్యాబిన్‌కు మొహం వచ్చేది!” అన్నాడు. “అదే మావయ్యా, మొహం మారకుండా మనిషిని మార్చమంటున్నారు” అన్నాను. కాసేపు ఆలోచించి, “అయితే పక్క నుంచి చూసేవాడి కోసం కట్టండి” అన్నాడు. తర్వాత మా చీఫ్ డిజైనర్ మొదటి బొమ్మలన్నీ పక్క నుంచే గీయడం చూసినప్పుడు మావయ్య మాటే గుర్తొచ్చింది.

చాసిస్ ఒకరిది, బాడీ మరొకరిది అన్న పద్ధతి ఒకప్పుడు కార్లకూ మామూలే. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన ఆ సిల్వర్ ఘోస్ట్‌కు చాసిస్, ఇంజను రోల్స్ రాయిస్‌వి. సింహాసనం లాంటి ఎత్తు సీటుతో బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ సంస్థ. 1911లో ఆయన చనిపోవడంతో కారు ఏడో నిజాం కాలంలో గానీ హైదరాబాద్ చేరలేదు. తర్వాత్తర్వాత కారు పైరేకూ అడుగు చట్రమూ కలిపి ఒకే ముద్దగా వెల్డింగ్ చేయడం మొదలయ్యాక, విడిగా బాడీ కట్టే వీలు పోయింది. మరి ఇప్పుడు ఎలా సాధ్యమంటే, ఖరీదైన స్పోర్ట్స్ కార్లలో బరువూ దెబ్బా మోసేది లోపలి అల్యూమినియం చట్రమో కార్బన్ ఫైబర్ తొట్టో. పైన కనిపించే రేకులు చాలావరకు తొడుగు మాత్రమే. ఒకే ఒక్క కార్లన్నీ దాదాపుగా ఇలాంటి కార్ల మీదే పుట్టడానికి కారణం ఇదే.

తొడుగు విప్పేసి, లోపలి అస్థిపంజరాన్ని స్కాన్ చేసి, అందులో వచ్చిన బిందువుల మేఘాన్ని తెర మీద పెట్టుకున్నాక నా పని మొదలైంది. ఈ భాగం గురించి కాస్త విడమరచి చెబుతాను, ఎందుకంటే నాకు ప్రాణం ఇదే.

రెండు ఉపరితలాలు కలిసేచోట అంచులు తాకితే చాలదు. రెండింటి వాలూ ఒకటి కావాలి. వాలు కలిసినా చాలదు, అక్కడ వంపు ఎంత గాఢంగా ఉందో అది కూడా రెండు వైపులా ఒకటి కావాలి. మేం వీటిని జీ0, జీ1, జీ2 అంటాం. జీ1 దగ్గర ఆగిపోయిన అతుకు మీద చేయి వేస్తే ఏమీ తెలియదు. కానీ ట్యూబులైటు కింద నిలబెడితే, రేకు మీద సాగుతున్న వెలుగు గీత సరిగ్గా ఆ అతుకు దగ్గర మడత పడుతుంది. జీ2 కుదిరితే గీత సాఫీగా వెళ్లిపోతుంది. అందుకే తెర మీద కారుకు నలుపు తెలుపు చారలు వేసి, చుట్టూ తిప్పి చూస్తూ ఉంటాం. ఆ చారలు ఎక్కడ సన్నబడుతున్నాయి, ఎక్కడ వెడల్పవుతున్నాయి, ఎక్కడ తడబడుతున్నాయి, ఇదే రోజంతా మా చూపు.

ఆయన అడిగిన వంపు తలుపు వెనుక అంచు నుంచి లేచి, చక్రం మీదుగా ఎక్కి, తోక దగ్గర దిగాలి. తలుపు చట్రం కదలదు కాబట్టి మొదలు మా చేతిలో లేదు. చక్రం ఎత్తు కదలదు కాబట్టి శిఖరమూ దాదాపు ఖాయమే. ఈ రెంటి మధ్య జానెడు దూరంలో వెలుగు తొందరపడకుండా ఎక్కాలి. ఇలాంటి చోట కొత్తగా చేరినవాళ్లు వక్రరేఖను లాగి వంచే నియంత్రణ బిందువులు ఇంకొన్ని జోడించి దాన్ని లొంగదీయాలని చూస్తారు. జోడించిన ప్రతి బిందువూ ఒక చిన్న అల పుట్టిస్తుంది. మా బృందంలో పాతవాళ్లు చేసేది తద్విరుద్ధం: ఉన్న బిందువుల్లో కొన్నింటిని తీసేసి, గీతను రెండు వైపులా ఇంకా పొడుగ్గా లాగి, అవసరమైన ముక్కను అందులోంచి కత్తిరించుకుంటారు. వంపు తన దారిన తాను వస్తుంది. ఈ పనితనం ఏ కోర్సూ నాకు నేర్పలేదు, పక్కన కూర్చుని చూస్తే వచ్చింది.

తర్వాత పూర్తి సైజు నమూనా. నురుగు దిమ్మ మీద మైనపు మట్టి పట్టించి, మిల్లింగ్ యంత్రంతో చెక్కించి, పైన వెండి రంగు పొర అతికిస్తారు. అప్పుడది పెయింటు వేసిన కారులాగే మెరుస్తుంది. దాన్ని ఎండలోకి తోస్తారు. తెర ఎంత మంచిదైనా సూర్యుడు చూపించేది వేరు. ఆరు బయట ఆయన నమూనా చుట్టూ నెమ్మదిగా తిరిగారు. వెనుక మూల దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు అలాగే చూసి, “భుజం బరువుగా ఉంది” అన్నారు. మేమంతా అటు వెళ్లి కూర్చున్నాం. నిజమే. చక్రం మీద వెలుగు గీత అక్కడక్కడే ముద్దకట్టి, కారు నడ్డి మీద ఏదో మోస్తున్నట్టుంది. ఎన్నో కార్లు కొని, నడిపి, తుడుచుకుని, పక్కన కూర్చుని చూసుకున్న మనిషి కన్ను అది. డబ్బున్నవాళ్లకు అభిరుచి ఉండదని తేలిగ్గా అనేవాళ్లను ఆ రోజు ఆ ఆవరణలోకి తీసుకొస్తే బాగుండేదనిపించింది.

భుజం దించాలంటే అడ్డం గాలి. ఆ భుజం కిందే ఇంజనుకూ రేడియేటర్లకూ గాలి తీసుకునే నోరుంది. ఆ నోటి వైశాల్యం తగ్గితే వేసవిలో ట్రాఫిక్‌లో ఇంజను వేడెక్కుతుంది. మా ఏరోడైనమిక్స్ ఇంజనీరు ఒక్క చదరపు సెంటీమీటరు కూడా వదులుకోనంది. ఆమె కఠినంగా ఉన్నందుకు నాకు గౌరవమే, ఆ పట్టుదల లేకపోతే ఇవి గ్యారేజీలో బొమ్మలుగా మిగిలేవి. చివరికి నోటిని తలుపు వెనుక అంచు నీడలోకి, కిందికి జరిపి, సన్నగా పొడుగ్గా చేశాం. వైశాల్యం అంతే ఉంది, భుజం ఖాళీ అయింది. వంపు కుదిరింది.

ముక్కు దగ్గర చట్టంతో పేచీ. పాత రేసు కార్లలా ముక్కు నేలను రాసుకుంటూ ఉండాలని ఆయన కోరిక. ఐరోపా నిబంధనల ప్రకారం లో బీమ్ హెడ్‌లైటు నేల నుంచి కనీసం 500 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. బయటికి పొడుచుకొచ్చే అంచులు బ్లేడుల్లా ఉండకూడదు, కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రబడాలి. ఎవరికైనా తగిలితే కోసుకుపోకూడదని ఆ నియమం. కొత్త హెడ్‌లైటు చేయిస్తే దానికి విడిగా ఆమోదం కావాలి కాబట్టి, లోపలి దీపాలు పాత కారువే వాడి, కొత్త కవరు కింద పెట్టాం. డిజైనర్ బొమ్మలో కత్తి అంచులా ఉన్నది కారు మీదికి వచ్చేసరికి కొంచెం మెత్తబడింది. నాకు అదే నచ్చింది.

వెనుక మడ్‌గార్డులు రెండూ అల్యూమినియంతో, చేత్తో కొట్టించాలని నిర్ణయించారు. మిగతావి కార్బన్ ఫైబర్. మడ్‌గార్డులు కొట్టిన పెద్దాయన ఎప్పుడో రిటైర్ కావలసినవాడు. మన టింకరింగ్ మేస్త్రీల మాదిరే మాట తక్కువ. ఆయన దగ్గరున్నవి ఇసుక నింపిన తోలు సంచి, కర్ర సుత్తులు, రేకును రెండు రోలర్ల మధ్య ముందుకూ వెనక్కూ తోసి సాగదీసే చక్రం, రకరకాల ఆకురాళ్లు. నా ఉపరితలం నుంచి చెక్కించిన రెజిన్ దిమ్మ పక్కన ఉంటుంది. కొట్టడం, దిమ్మ మీద పెట్టడం, తీయడం, మళ్లీ కొట్టడం.

అల్యూమినియం కొట్టేకొద్దీ గట్టిపడి, ఇక మాట వినదు. వేడిచేసి మెత్తబరచాలి. చిక్కేమిటంటే ఇనుములా అది ఎర్రబడదు. 660 డిగ్రీల దగ్గర కరిగిపోయేదాకా రంగు మారినట్టే కనిపించదు. ఎక్కడ ఆపాలో కంటికి ఎలా తెలుస్తుంది? పెద్దాయన ముందు ఎసిటిలిన్ మంటతో రేకంతా మసి పట్టించాడు. తర్వాత మంట సరిచేసి, మెల్లగా వేడిచేస్తూ పోయాడు. మసి కాలిపోయి రేకు తెల్లగా బయటపడ్డ చోటల్లా సరిపడా వేడి అందినట్టు. అక్కడి నుంచి మంట జరిపేస్తాడు. ఏ మీటరూ లేకుండా, నల్లటి రేకు మీద తెలుపు పాకుతూ పోవడం చూస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది.

ఆకారం వచ్చాక బల్లపరుపు ఆకురాయితో పైపైన ఒక్కసారి రాస్తాడు. ఎత్తున్న చోట గీతలు మెరుస్తాయి, పల్లమున్న చోట రేకు మసకగా మిగిలిపోతుంది. మసకగా ఉన్నచోట వెనుక నుంచి తడతాడు. నేను స్కాన్ చేసి, తేడాలను ఎరుపు నీలం రంగుల్లో చూపే పటం పట్టుకెళ్లాను. చూసి తలూపి, “సరే, ఆకురాయి ఏమంటుందో కూడా చూడు” అన్నాడు. పటంలో తేడా చూపిన ప్రతి చోటా అప్పటికే ఆయన మార్కర్‌తో సున్నా చుట్టి ఉంచాడు. లప్పం మీద ఆధారపడటం ఆయనకు గిట్టదు. మందంగా పెడితే కొన్నేళ్లకు పగులుతుందంటాడు. అక్షరాలా మా మావయ్య మాట.

అల్యూమినియం మడ్‌గార్డు పక్కనే కార్బన్ ఇంజను మూత రావడంతో సందుల లెక్క మళ్లీ వేయాల్సి వచ్చింది. అల్యూమినియం వేడికి సాగుతుంది, కార్బన్ ఫైబర్ సాగడం లెక్కలోకి రాదు. మీటరు పొడవున్న అల్యూమినియం 60 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పక్కనే ఇంజను. చల్లగా ఉన్నప్పుడు అందంగా కనిపించే సందు, వేడిలో మూసుకుపోయి పెయింటును గీసేయగలదు. అందుకే మడ్‌గార్డును ఒక చివర గట్టిగా బిగించి, రెండో చివర కాస్త జారే వీలుంచారు. కార్బన్ భాగాల సంగతి ఇంతకంటే సులువు: ఫ్రీజర్‌లో దాచిన జిగురు పట్టిన బట్టను అచ్చులో పొరలుగా పరిచి, ఆటోక్లేవ్ అనే మూతబిగించిన పొయ్యిలో వేడి, ఒత్తిడి కింద ఉడికిస్తారు. ఒక్కో అచ్చు వాడేది ఒకటి రెండు సార్లే.

రంగు విషయంలో నాకూ కారు చేయించుకున్న ఆయనకూ అభిప్రాయం కలవలేదు. ఆయన ముదురు నీలం ఎంచుకున్నారు. ముదురు రంగు మీద వెలుగు గీతలు పదునుగా కనిపిస్తాయి, నిజమే. కానీ నీడ పడినవైపు ఆకారమంతా మునిగిపోతుంది. వెండి రంగయితే నీడలో కూడా ఆ వంపు చదవగలం. చీఫ్ డిజైనర్ ద్వారా నా మాట ఆయన దాకా వెళ్లింది. నమూనా పలకలను ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం బయట పెట్టించుకుని చూసి, నీలమే అన్నారు. కారు ఆయనది. ఇప్పటికీ నా ఓటు వెండికే.

లోపలి తోలు పని వేరే బృందం చేసింది. ఆ తర్వాత నీళ్లు కొట్టి చూడడం, ట్రాక్ మీద వేడి పరీక్షలు, అధికారుల తనిఖీ, ఇటలీ నంబరు ప్లేటు పట్టేలా వెనుక 520 మిల్లీమీటర్ల చోటు ఉందో లేదో కొలవడం వరుసగా జరిగాయి.

ఒక్క మనిషి సరదాకు ఇంతమంది శ్రమా అని మా బంధువుల్లో కొందరు అడిగారు. నా జవాబు సూటిగా చెబుతాను. పెద్ద కంపెనీలు డిజైన్ పనిని తమ సొంత స్టూడియోలకు తీసుకుపోయాక ఈ ఊళ్లో పేరున్న సంస్థలే నిలవలేకపోయాయి. బెర్టోనే అంతటిది 2014లో దివాలా తీసింది. చేత్తో రేకు కొట్టేవాడికి జీతమిచ్చి ఉంచుకునే పని ఇవాళ ఎక్కడుంది? ఇలాంటి ఆర్డర్లలోనూ, పాత కార్ల మరమ్మతులోనూ ఉంది. ఆ ఆర్డరే లేకపోతే మసితో వేడి కొలిచే ఆ విద్య పెద్దాయనతోనే ఆగిపోతుంది.

కారు వెళ్లిపోయినా మా పని పూర్తి కాలేదు. ఇలాంటి కారుకు దెబ్బ తగిలితే విడిభాగం ఏ దుకాణంలోనూ దొరకదు. అందుకే ఒప్పందంలోనే అచ్చులు, రెజిన్ దిమ్మలు భద్రపరచాలనీ, ముందు బంపరుతో పాటు రెండు వెనుక మడ్‌గార్డులూ మరో జత చేసి ఉంచాలనీ ఆయన రాయించుకున్నారు. కార్బన్ బంపరు రెండోది త్వరగానే వచ్చేసింది. మడ్‌గార్డులను మాత్రం ఈసారి పెద్దాయన కొట్టడం లేదు. తన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి అప్పగించి, పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటున్నాడు. కుడివైపుది అయిపోయింది. ఎడమవైపుది నిన్న స్కాన్ చేశాను, శిఖరం దగ్గర ఇంకా 0.8 మిల్లీమీటర్ల పల్లం ఉంది. కుర్రాడు అక్కడ అప్పటికే మార్కర్‌తో సున్నా చుట్టాడు. సోమవారం మళ్లీ స్కాన్ ఉంది.